కన్ను జరిగిన చేప

సముద్రం ఒడ్డున ఉన్న ఆ విడిది ఇంట్లో వంట చేసే మనిషిని అందరూ వదిన అనేవారు. నిజానికి ఆమె ఒక్కడికే వదిన, ఆ విడిది నడిపే మరిదికి. అతను పొద్దున లేచింది మొదలు "వదినా, నీళ్లు మరిగాయా", "వదినా, మేడమీద వాళ్లు నిమ్మకాయ అడుగుతున్నారు" అని కేకలు పెడుతుంటే విని పడవాయన వదిన అన్నాడు, మంచుగడ్డలు దింపేవాడు వదిన అన్నాడు, చివరికి ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లయిన అతిథులు కూడా వదినా అనే పిలిచేవారు. ఆమె ఎవరినీ కాదనలేదు. వదిన అని పిలిచిన ప్రతివాడినీ కసురుకునే హక్కు తనకు దానంతట అదే వచ్చేస్తుందని ఆమె లెక్క.

పొడగరి. ఆ పొడుగుకు తగ్గ నోరు. "నాకు తెలియదు" అన్న మాట ఆ నోట్లోంచి రాగా విన్నవాళ్లు లేరు. రేపు వాన పడుతుందా అని అడిగితే పడుతుంది అనేది. మర్నాడు ఎండ కాస్తే, పడింది, సముద్రం మీద పడింది, నువ్వు ఇటు తిరిగి పడుకున్నావు అనేది. తప్పు ఒప్పుకోవడం కంటే ఆకలితో పడుకోవడం నయం అనుకునే జాతి మనిషి. అలా పడుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే వంటిల్లు ఆమె చేతిలో ఉంది.

ఆ ఇల్లు ఒకప్పుడు మంచుగడ్డల గోదాం. ఆమె భర్త కట్టించాడు. అతను జ్వరంతో పోయాక తమ్ముడు దాన్ని గదులుగా చీల్చి, తెల్లసున్నం కొట్టించి, బయట పెద్ద బోర్డు పెట్టాడు. విశ్రాంతి కోసం రండి, మీ చేప మీరే పట్టండి, మీరు పట్టిన చేప మీ కంచంలోకే వస్తుంది, అని దాని మీద రాయించాడు. వదినకు ఆ బోర్డు మీద కొన్ని అక్షరాలే తెలుసుగానీ, దాని అర్థం మాత్రం వచ్చిన అతిథుల్ని చూసి పూర్తిగా తెలుసుకుంది. తమ ఊళ్లో ఎండెక్కేదాకా మంచం దిగనివాళ్లు ఇక్కడికొచ్చి చీకటుండగానే లేచి, చన్నీళ్లలో మోకాళ్లదాకా నిలబడి, ముక్కులు కమిలిపోయేదాకా గాలం పట్టుకునేవారు. ఇంట్లో గ్లాసెడు మంచినీళ్లు ముంచుకోని మగవాళ్లు ఎర పురుగుల్ని వేళ్లతో చీల్చేవారు. పక్కగది ఆయనకు చేప పడితే భోజనం మానేసేవారు. దీన్నే విశ్రాంతి అంటారు కాబోలు, మనం చేసేదాన్ని పని అంటారు, అనుకునేది వదిన.

ఎవరి చేప వాళ్లకే వెళ్లాలి గనక అక్కడ ఒక పద్ధతి ఉండేది. గదికో రంగు దారం. పట్టిన చేప తోకకు ఆ గది దారం కట్టి వంటింటికి పంపాలి. వేయించేముందు వదిన దారం విప్పి గోడకున్న మేకుకు తగిలించి, వేగాక మళ్లీ అదే దారం కట్టి కంచంలో పెట్టాలి. దారం విప్పడానికీ మళ్లీ కట్టడానికీ మధ్య ఉన్న సమయంలో ఏం జరుగుతుందో వదినకూ, వెనక మెట్టు మీద కాపురమున్న పిల్లికీ మాత్రమే తెలుసు.

ఆ అతిథులు పట్టేవి చేపలా? బొటనవేలంత ఉండేవి. ఒళ్లంతా ముళ్లు, ముళ్ల మధ్య చేప ఉందా అంటే వెతుక్కోవాలి. అవి అలాగే వేయించి పెడితే ఒక్కడి గొంతులో ముల్లు గుచ్చుకున్నా విడిది మూతపడుతుంది. అందుకని వాటిని పిల్లికి వేసి, పడవాయన రేవు నుంచి తెచ్చి మంచుపెట్టెలో దాచిన బజారు చేపల్లో కాస్త పోలిక కలిసినదాన్ని తీసి, ఉప్పూ కారం నిమ్మరసం పట్టించి, దోరగా వేయించి, దారం కట్టి పంపేది. "నా చేప రుచే వేరు" అని ఒక్కొక్కరూ వేళ్లు నాకుతుంటే తలుపు సందులోంచి చూసి తృప్తిపడేది. అది మోసమని ఆమెకు ఒక్క రోజూ తోచలేదు. దయ అనుకునేది. మరిదికి సంగతి తెలుసునో లేదో మరి, మంచుపెట్టె వైపు మాత్రం ఎప్పుడూ చూసేవాడు కాదు.

ఆమెకు పక్కలో బల్లెం తోడికోడలు. తోడికోడలికి ఒక తమ్ముడు. పట్నంలో ఏదో పెద్ద హోటల్లో పనిచేసి వచ్చాడు, అక్కణ్ణుంచి ఎందుకు వచ్చాడో ఎవరూ అడగలేదు. మూరెడు తెల్లటోపీ మాత్రం తెచ్చుకున్నాడు. వంటింటి గుమ్మంలోంచి రావాలంటే అది తీసి రావాలి, అయినా తీసేవాడు కాదు, ఒంగి వచ్చేవాడు. తోడికోడలు తేనె పూసిన మాటలు మాట్లాడే మనిషి. "అక్కా, ఎంతకాలమని పొయ్యి దగ్గర మాడతారు? మేడమీద చివరి గది మీకు ఇస్తాం. కిటికీ తెరిస్తే సముద్రమే. హాయిగా చూస్తూ కూర్చోండి" అంది ఒకరోజు.

"సముద్రాన్ని నేను చూస్తూ కూర్చుంటే అది నాకేమన్నా వండి పెడుతుందా?" అంది వదిన.

కానీ ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. మేడమీద గది అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ గదిలో కూర్చున్న మనిషిని ఎవరూ వదినా అని కేకెయ్యరు, వేళకు కంచం మాత్రం పంపుతారు, కొన్నాళ్లకు అదీ మరచిపోతారు. ఆ వంటింట్లో పొయ్యి గట్టు భర్త ఆమె పొడుగు కొలిచి, ఒంగే పని లేకుండా కట్టించాడు. మిగతా ఇల్లంతా తమ్ముడు మార్చుకున్నాడు. ఆ గట్టు ఒక్కటే మిగిలింది. మరిది మెత్తని మనిషి, ఎటు లాగితే అటు సాగుతాడు. ఈ సెలవుల కాలం గడవనీ, ఒక్క ఫిర్యాదూ రాకపోతే వదినే ఉంటుంది, వస్తే చూద్దాం, అని ఇద్దరికీ చెప్పి తప్పుకున్నాడు.

అలాంటి సమయంలో దిగాడు కళ్లజోళ్లాయన.

పట్నంలో పెద్ద కళ్లజోళ్ల దుకాణం ఆయనది. విశ్రాంతి కోసం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చిన పూట నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. గొడుగు పట్టాలి, ఎర డబ్బా అందించాలి, నోరు మూసుకోవాలి, ఎందుకంటే మాట్లాడితే చేపలు బెదురుతాయట. ఆయన రోజూ వెళ్లేవాడు, రోజూ ఖాళీ బుట్టతో వచ్చేవాడు, వచ్చి పడవాయన మీద, అలల మీద, భార్య దగ్గు మీద విరుచుకుపడేవాడు. చివరికి ఒకనాడు ఆయన గాలానికి ఒక చేప తగిలింది. కళ్లజోడు డబ్బాలో పెడితే ఇంకా చోటు మిగిలేంత చేప. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని వరండాలో అందరికీ చూపించాడు. వృత్తి అభిమానం కొద్దీ దాని కళ్లు పరీక్షించాడు. "అటొకటి, ఇటొకటి. చూపు బ్రహ్మాండంగా ఉంది" అని ప్రకటించాడు. నీలం దారం తానే కట్టి వంటింటికి తెచ్చి, దగ్గరుండి అప్పగించి వెళ్లాడు.

వదిన దాన్ని పిల్లికి వేసి మంచుపెట్టె తెరిచింది. తెరిస్తే ప్రాణం ఉసూరుమంది. ముందురోజు గాలి విసురుకు పడవలు లోపలికి పోలేదు. రేవులో ఒకటే రకం దొరికిందని పడవాయన అవే తెచ్చిపడేశాడు. చెప్పు అట్టలా బల్లపరుపుగా ఉండి, ఇసకలో ఒక పక్కకు పడుకుని బతికే చేపలు. వాటికి పుట్టిన కొత్తలో తప్ప రెండు కళ్లూ ఒకే పక్కన ఉంటాయి. తింటే వెన్న. కానీ పోలిక ఎక్కడ? కళ్లజోళ్లాయన కంచం ముందు కూర్చుని చెంచాతో బల్ల మీద కొడుతున్నాడు. పట్నం వాడికేం తెలుస్తుందిలే అనుకుని వదిన అట్ట చేపనే వేయించి నీలం దారం కట్టి తనే తీసుకెళ్లి పెట్టింది.

ఆయన ఒక ముక్క తిన్నాడు. తల ఊపాడు. తరవాత కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని కంచంలోకి ఒంగాడు.

"వదినా, నా చేపకి రెండు కళ్లూ ఇటే ఉన్నాయేంటి?"

"పొద్దున ఎక్కడున్నాయి?"

"అటొకటి ఇటొకటి. నేనే చూశాను. ఇంతమంది చూశారు."

వరండా అంతా తినడం ఆపి ఇటు తిరిగింది. తోడికోడలి తమ్ముడు టోపీ సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నాకు తెలియదు బాబూ అని ఒక్క మాట అంటే పోయేదేమో. ఆ మాట ఆమెకు అలవాటు లేదు.

"వేడికి జరిగింది" అంది వదిన. "పెనానికి ఆనిన పక్క కన్ను వేడి తట్టుకోలేక పైకి వచ్చేస్తుంది. అదీ తాజా చేపైతేనే. నిలవ చేప కన్ను ఎక్కడిదక్కడే ఉంటుంది."

"మరి ఇంత పల్చగా సాగిందేం?"

"కన్ను అంత దూరం నడిచొస్తే ఒళ్లు సాగదా?"

కళ్లజోళ్లాయన చెంచా కొనతో చేప కన్ను కదిపి చూశాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. "నరం" అన్నాడు. "కంటి నరం ముడుచుకుని లాగుతుంది. ఇన్నేళ్లుగా కళ్లతోనే బతుకుతున్నాను, నాకు ఈ ఆలోచన రాలేదు చూడండి." ఆ తరవాత పక్క బల్ల దగ్గరికి కంచం పట్టుకెళ్లి నరం ఎలా ముడుచుకుంటుందో వాళ్లకు వేళ్లతో చేసి చూపించాడు. తను పట్టిన చేప ఎంత తాజాదో రుజువు దొరికిన మనిషికి ఇంకేం కావాలి. మర్నాడు గాలం ముట్టుకోలేదు. సంబరంగా సామాను సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి ఊరుకుంటే ఈ కథే లేదు. ఆయన దుకాణంలో కంటి పరీక్షకు కూర్చున్నవాళ్లకు ముక్కు మీద బరువైన ఫ్రేము, గడ్డం కింద ఆసరా ఉంటాయి, లేచి పారిపోలేరు. ఒక్కొక్కరికీ కన్ను జరిగిన చేప కథ చెప్పాకగానీ అక్షరాలు చదవమనేవాడు కాదు. కొన్నాళ్లకు విడిదికి వచ్చేవాళ్లు గది తాళం అడగకముందే కన్ను జరిగే చేప ఇక్కడేనా అని అడగడం మొదలుపెట్టారు. మరిది మొదట బెదిరిపోయాడు. తరవాత గదులు నిండిపోవడం చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. ఒకసారి మాత్రం వంటింట్లోకి వచ్చి నీళ్లు నమిలాడు.

"నిజంగా జరుగుతుందా వదినా?"

"ఇన్నేళ్లుగా వండి పెడుతున్నాను. నీ కంచంలో చేప కన్ను ఎప్పుడైనా చూశావా?"

"మీరు నాకు తలకాయ తీసేసి పెడతారుగా."

"మరి" అంది వదిన. అతను అర్థమైనట్టే తల ఊపి వెళ్లిపోయాడు.

టోపీ తమ్ముడికి అట్ట చేప సంగతి తెలుసు. హోటల్లో బోలెడు వండాడు. సంగతి అక్క చెవిలో వేశాడు. ఇంకొకరైతే ఒంటికాలి మీద లేచి అరిచి రచ్చచేసేవాళ్లే. తోడికోడలు అరవలేదు. అతిథులంతా భోజనాల దగ్గర ఉన్నప్పుడు నవ్వుతూ లేచి, ఈ ఆదివారం అక్క మీ అందరి కళ్లముందే చేప వేయిస్తారు, కన్ను ఎలా జరుగుతుందో చూద్దురుగాని, కళ్లజోళ్ల దుకాణం వారిని కూడా రమ్మని కబురు పెట్టాం, అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. వంటింటికి వచ్చి మిగతాది చెప్పింది. "జరిగితే ఈ వంటిల్లు ఎప్పటికీ మీదే అక్కా. జరగకపోతే, మేడమీద గది కడిగించి పెట్టాను." పక్కన నిలబడ్డ మొగుడు నేల చూపులు చూశాడు తప్ప కాదనలేదు.

మూత పెట్టి వేయిస్తానంది వదిన. మూత వద్దన్నాడు టోపీ తమ్ముడు. ముందురోజే పట్టిన చేప కావాలంది. అప్పటికప్పుడు అందరి ముందూ పట్టాలన్నాడు. జ్వరం తెచ్చుకుందామనుకుంది, కానీ ఆ ఒంటికి జ్వరం రావడం ఎప్పుడూ చేతకాలేదు. ఆ మధ్యాహ్నం పెనాన్ని తోమిందే తోమింది. పొయ్యి గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడింది. అది ఆమె నడుముకు సరిగ్గా అందింది, రోజూ అందినట్టే. పిల్లి వచ్చి కాళ్లకు రుద్దుకుంటే తన్నబోయి మానుకుంది.

ఆదివారం కళ్లజోళ్లాయన మందీ మార్బలంతో దిగాడు. బావమరిది, దుకాణం గుమాస్తాలు, కొత్త కళ్లజోళ్లు పెట్టుకున్న ఖాతాదారులు, ఇక వెనకాలే గొడుగుతో భార్య. చేతిలో గుండ్రటి భూతద్దం. ముంగిట్లో పొయ్యి పెట్టారు. టోపీ తమ్ముడు తానే మంట విసురుతానని విసనకర్ర పట్టుకు కూర్చున్నాడు, ఏ కిటుకూ జరగకుండా కాపలా అన్నమాట. అందరూ చూస్తుండగా పడవాయన గాలానికి ఒక నిజమైన చేప పడింది. గుండ్రంగా, బలంగా, అటో కన్ను ఇటో కన్ను. ఒడ్డు మీద ఎగిరెగిరిపడింది.

వదిన దాన్ని శుభ్రం చేసి పెనం మీద వేసింది. నూనె చిటపటలాడింది. ముప్పై తలకాయలు పెనం మీదికి ఒంగాయి. ఎవరి ఊపిరి ఎవరికి తగులుతోందో తెలియలేదు. చేప కన్ను తెల్లబడింది. ఉబ్బింది. బఠాణీ గింజలా గట్టిపడింది. ఎక్కడిదక్కడే ఉంది. వదిన చేపను తిరగేసింది. రెండో కన్ను కూడా దాని చోటులో అది కూర్చుని చూస్తోంది.

టోపీ తమ్ముడు పళ్లన్నీ బయటపెట్టాడు. తోడికోడలు మేడమీద గది తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతోంది.

ఆ పళ్లు చూసి వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంటిల్లు ఎలాగూ పోయేదే అయితే, వీడి నోటి మీదుగా పోవడమెందుకు, నా నోటితోనే పోనీ అనుకుంది. పట్టకారు కింద పెట్టింది.

"కన్ను జరగదు" అంది. "ఎప్పుడూ జరగలేదు. ఆ రోజు మీరు పట్టిన చేప పిల్లికి వేశాను. మీకు పెట్టింది రేవులో కొన్నది. ఆ జాతి చేపకే రెండు కళ్లూ ఒక పక్కన ఉంటాయి. నేను అబద్ధం చెప్పాను."

బతుకులో మొదటిసారి అన్న మాట. మరిది మొహం సున్నం కొట్టిన గోడలా అయింది.

కళ్లజోళ్లాయన భూతద్దం దించలేదు. ఇంకా ఒంగే ఉన్నాడు. ఆయన వెనక ఆయన బావమరిది ఉన్నాడు, గుమాస్తాలున్నారు, ఆ కథ విని కళ్లజోళ్లు కొన్నవాళ్లున్నారు. తల ఎత్తి వాళ్లందరినీ ఒకసారి చూశాడు.

"జరిగింది" అన్నాడు. "కొంచెం. నేను చూశాను."

ముందు బావమరిది, కొంచెమే అయినా జరిగిన మాట నిజం అన్నాడు. గుమాస్తాలు తమకు బాగా కనిపించిందన్నారు. కొత్త కళ్లజోళ్లవాళ్లు, కనిపించలేదంటే కళ్లజోడు తప్పో కన్ను తప్పో తేలాల్సి వస్తుందని, తల ఊపారు. మరి పూర్తిగా ఎందుకు జరగలేదని వెనకెవరో అడిగితే, మంట సరిగ్గా లేదు అన్నాడు కళ్లజోళ్లాయన. అందరి చూపులూ విసనకర్ర మీదికి తిరిగాయి.

"అయ్యా, అవి రెండూ వేరే వేరే చేపలు" అన్నాడు టోపీ తమ్ముడు. "ఆమే చెప్పింది కదా."

"నువ్వు ఎన్ని కళ్లు చూశావు బాబూ?" అన్నాడు కళ్లజోళ్లాయన.

"నేను చెప్తున్నది నిజం" అంది వదిన గొంతు పెంచి. "అంతా అబద్ధం."

"తెలుసు వదినా, తెలుసు" అన్నాడాయన, చిన్నపిల్లను ఓదార్చినట్టు. "ఇంతమంది ముందు వృత్తి రహస్యం ఎవరు మాత్రం చెప్తారు? కుర్రాడు పాడుచేసిన పనిని మీ మీద వేసుకుంటున్నారు. పెద్దమనసు."

వదినకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు చెప్పిన అబద్ధాలన్నీ గుడ్డిగా నమ్మినవాళ్లు ఒక్క నిజం చెబితే బుజ్జగిస్తున్నారు. అంత అవమానం టోపీ తమ్ముడు కూడా చెయ్యలేదు. ఇంకోసారి చెప్పడానికి నోరు తెరిచేసరికి కళ్లజోళ్లాయన భార్య వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని వంటింటి వెనక్కు తీసుకెళ్లింది.

"మీరు చెప్పింది నిజమని నాకు తెలుసు" అంది. "ఆ రోజు వెనక మెట్టు మీద పిల్లి తింటుంటే చూశాను. తోక కూడా మిగల్చలేదు."

"అప్పుడే చెప్పలేకపోయారా?"

"చెప్తే మర్నాడు మళ్లీ గాలం పట్టుకునేవారు. నేను మళ్లీ గొడుగు పట్టాలి. ఆయన మాటేమో కానీ, నేను నిజంగా విశ్రాంతికే వచ్చాను." ఆమె మెట్టు మీద కూలబడి చెప్పులు విడిచింది. "ఇప్పుడు మీరు పట్టుబట్టి ఒప్పించారనుకోండి, కన్ను జరుగుతుందని రుజువు చేసేదాకా ఆయన ఇక్కడి నుంచి కదలరు. ఈ వేసవంతా మీకు ఆయన, నాకు గొడుగు. మీ కాళ్లు పట్టుకుంటాను, ఊరుకోండి."

వదిన ఆ అరిగిపోయిన పాదాల వైపు చూసింది. లోపలికెళ్లి మంచుపెట్టెలోంచి ఒక మంచి చేప తీసి, ఆ ఒక్క మనిషి కోసం వేయించి, దారం లేకుండా పెట్టింది. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా తింది.

ఆ సాయంత్రం మరిది వచ్చాడు. వెనకాల తోడికోడలు మూతి ముడుచుకుని నిలబడింది. గదులన్నీ వచ్చే సెలవులదాకా అడిగేశారనీ, అందరూ వదిన చేతి వంటే కావాలన్నారనీ, టోపీవాణ్ణి పొయ్యి దరిదాపుల్లోకి రానివ్వద్దని కళ్లజోళ్లాయన గట్టిగా చెప్పి వెళ్లాడనీ చెప్పాడు. వంటిల్లు ఆమెదే. కాకపోతే రోజూ కన్ను జరిగే చేప ఒక్కటైనా ఉండాలి. నరం సంగతి కూడా బోర్డు మీద రాయిస్తున్నాడట.

"ఇక నుంచి నిజమే వండుతాను అంటే?" అంది వదిన.

"నిజం తినడానికి ఇంత దూరం ఎవరొస్తారు వదినా" అన్నాడు మరిది. అతను అంత తెలివైన మాట అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

ఆమె పొయ్యి గట్టు వైపు చూసింది. మేడమీద గది గుర్తొచ్చింది. సరే అంది, కానీ ఒక షరతు పెట్టింది. వంటింటి తలుపుకు లోపలి వైపు గడియ కావాలి. కంచం బయటికొచ్చేదాకా తొంగిచూసే హక్కు ఎవరికీ లేదు, మరిదికైనా సరే. మర్నాడే వడ్రంగి వచ్చి ఇత్తడి గడియ బిగించాడు. టోపీ తమ్ముడికి కూడా పని దొరికింది. పొద్దున్నే రేవుకెళ్లి అట్ట చేపలు ఏరి తెచ్చి, ఆ తరవాత టోపీ పెట్టుకుని వంటింటి తలుపు బయట నిలబడి జనాన్ని ఆపాలి. చేపలు ఏరడంలో అతను గట్టివాడే.

ఇప్పటికీ ఒంటిగంట కాకుండానే తలుపు అవతల జనం చేరతారు. గదుల వాళ్లు, వాళ్ల చుట్టాలు, కళ్లజోళ్లాయన పంపిన మనుషులు. లోపల వదిన అట్ట చేపను పెనం మీద వేస్తుంది. అది రెండు కళ్లతోనూ ఆమెనే చూస్తూ వేగుతుంది. బయట తోపులాట మొదలవుతుంది, ఎవరో తలుపు మీద వేళ్లతో కొడతారు.

"జరిగిందా వదినా?"

"జరుగుతోంది" అంటుంది వదిన, గడియ వైపు ఒకసారి చూసుకుని. "తోసుకోకండి."